వినికిడి పోయింది.. పని పోనివ్వలేదు

ఆన్‌లైన్‌లో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతుంటారు. పేరు, పుట్టిన తేదీ, చదువు, మార్కులు అన్నీ టకటకా అయిపోతాయి. అంతలో ఒక గడి వస్తుంది. మీకు వైకల్యం ఏమైనా ఉందా? అవును, కాదు. ఏ ఇబ్బందీ లేనివాళ్లు చూడకుండానే కాదు నొక్కేసి ముందుకెళ్తారు. కొందరి వేలు మాత్రం అక్కడ ఆగిపోతుంది. గద్వాలలో నెట్‌ సెంటర్‌లో కూర్చున్నా, నాగర్‌కర్నూల్‌ లైబ్రరీలో ఫోన్‌ పట్టుకుని ఉన్నా, వనపర్తిలో హాస్టల్‌ గదిలో ఉన్నా ఆ ఆగడం ఒకటే. అవునంటే పిలవరేమో! కాదంటే, రేపు బయటపడితే?

నేనూ అలా ఆగినవాడినే. చిన్నప్పుడు చీము పట్టి నా ఎడమ చెవి దెబ్బతింది. ఇంజినీరింగ్‌ అయ్యాక వచ్చిన మొదటి ఫోన్‌ ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న సగమే వినపడింది. మళ్లీ చెప్పండని అడగడానికి మొహమాటం. నాకు తోచిందేదో చెప్పేశా. వాళ్లు అడిగింది వేరే అని ఫోన్‌ పెట్టేశాక అర్థమైంది. ఆ ఉద్యోగం రాలేదు. చాలా రోజులు చెవిని తిట్టుకున్నా. తర్వాత ఆలోచిస్తే, తప్పు చెవిది కాదని తెలిసింది. దాచాలనుకోవడమే నన్ను ముంచింది.

ఆ రోజుల్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం చదివా. పేరు మీకూ తెలిసే ఉంటుంది. మన తెలంగాణలో ఇప్పుడు సెప్టెంబర్‌ 9న కాళోజీ జయంతిని భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. నేను బడిలో ఉన్నప్పుడు ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసేవాళ్లు. వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడు అని రెండు ముక్కలు చెప్పి చాక్లెట్లు పంచేవాళ్లు. ఆయన ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి అని, ఆయన్ని మలేరియా పట్టి పీడించిందని, ఆ జ్వరానికి వాడిన మందు ఆయన చెవులు తీసుకెళ్లిందని ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం వెతుక్కునే వయసులో మనకు కావాల్సింది ఆ భాగమే. అందుకే ఇవాళ అదే చెప్తా.

ఇల్లు మీద పడ్డ వయసు

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో, శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ మీద వెళ్లిన ఆయన అక్కడే విషజ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. జ్వరం ఆ ఇంటికి చేసిన మొదటి నష్టం అది.

తర్వాత మేనమామ నీడలో పెరిగారు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లిష్‌ స్కూల్లో చదివారు. అక్కడ ఆయన సహాధ్యాయి ఎవరో తెలుసా? కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు. 1879లో మెట్రిక్యులేషన్‌ పాసయ్యారు. అదే ఏడాది పెళ్లి. చేతిలో మెట్రిక్‌ సర్టిఫికెట్‌, మీద ఇంటి బాధ్యత. పైచదువులకు వెళ్లే వీలు లేదు. మీలో చాలామంది ఇళ్లలో ఉన్న పరిస్థితే కదా ఇది.

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచర్‌గా చేరారు. నెలకు 30 రూపాయల జీతం. చిన్న తరగతికి చరిత్ర చెప్పాలి. పర్లాకిమిడి ఎక్కడంటారా? శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే ఊరు. ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒక జమీందారీ. మన గద్వాల, వనపర్తి సంస్థానాల్లాగే అక్కడా రాజావారి కోట, రాజావారి బడి. గద్వాల కోటలోని కాలేజీలోనో, వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లోనో చదివినవాళ్లకు ఆ వాతావరణం ఊహించుకోవడం కష్టం కాదు.

ఉద్యోగంలో ఉంటూనే డిగ్రీ

ఉద్యోగం వచ్చింది కదా అని ఆయన పుస్తకం మూసేయలేదు. పగలు పాఠాలు చెప్తూ ప్రైవేటుగా పరీక్షలకు కట్టారు. 1886లో ఎఫ్‌.ఏ., అంటే మన ఇంటర్‌లాంటిది, పాసయ్యారు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు పట్టింది బీఏ పూర్తవడానికి. చరిత్ర ప్రధాన సబ్జెక్టుగా మొదటి తరగతిలో వచ్చారు. ఈలోగా రాజావారి స్కూల్‌ కాలేజీ అయింది. చిన్న తరగతి టీచర్‌గా చేరిన మనిషికి కాలేజీ క్లాసులు చెప్పే అర్హత వచ్చింది. డిగ్రీలో ఒక సబ్జెక్టు ఉండిపోయిందని కుంగిపోతున్నవాళ్లు ఈ పదేళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి.

చదువు పరీక్షల దగ్గరే ఆగలేదు. సొంత ఊరి పక్కన శ్రీముఖలింగం గుళ్లలో రాళ్ల మీద పాత శాసనాలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలో నేర్పేవాళ్లు లేరు. ఆయనే పుస్తకాలు సంపాదించి, పాత లిపులు ఒంటిచేత్తో నేర్చుకుని చదివారు. వాటి మీద ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాసి ఇండియన్‌ ఆంటిక్వరీ లాంటి పరిశోధన పత్రికలకు పంపారు. ఒక మారుమూల జమీందారీ బడిలో పనిచేసే టీచర్‌ చేసిన పని ఇది. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే, జాబ్‌ చేస్తూనే పక్కన ఇంకో నైపుణ్యం పెంచుకున్నారు. ఈ అలవాటు తర్వాత ఆయన్ని ఎలా కాపాడిందో ముందు ముందు చూస్తారు.

కొండెక్కిన పంతులు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండల్లో సవరలు. సంతకు వచ్చినప్పుడు, అధికారుల దగ్గరకు వచ్చినప్పుడు వాళ్ల మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి వెళ్తే చెంచుపెంటలు వస్తాయి కదా, ఆ దృశ్యం ఊహించుకోండి. ఒక తేడా ఉంది. చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి మనకు అర్థమవుతుంది. సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందింది. సంతాలీ, ముండారీ దానికి దగ్గరి బంధువులు. కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్‌ దూరపు బంధువు. అప్పటికి ఆ భాషకు సొంత లిపి లేదు, బడి లేదు, పాఠ్యపుస్తకం లేదు.

ఆ భాష నేర్చుకోవాలని రామమూర్తి పంతులు నిర్ణయించుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఇంక్రిమెంటూ రాదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో నేర్చుకున్నది చాలదని అడవి దారుల్లో నడిచి సవర ఊళ్లకు వెళ్లారు. విన్న ప్రతి మాటా రాసుకున్నారు.

అలా వినడం ఎంత కష్టమో కాస్త చెప్పాలి. సవరలో గొంతులో ఊపిరిని టక్కున ఆపేసి పలికే ధ్వని ఉంది. అది తెలుగు వర్ణమాలలో లేదు. తెలుగు చెవికి అక్కడ ఏమీ లేనట్టే అనిపిస్తుంది. కానీ అది ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాటే మారిపోవచ్చు. అంటే ఈ పనికి పెట్టుబడి డబ్బు కాదు, పుస్తకాలు కాదు, రెండు మంచి చెవులు.

భాష నేర్చుకున్నాక దాంతో వ్యాసాలు రాసుకుని ఊరుకోలేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. వాటిలో చెప్పే టీచర్లకు జీతాలు కూడా తన జేబులోంచే ఇచ్చారు. అమ్మభాషలో చదువు అనే మాట ఇప్పుడు ప్రభుత్వ విధానాల్లో కనిపిస్తుంది. ఆయన అప్పుడే చేసి చూపించారు. 1913లో మద్రాసు ప్రభుత్వం ఈ కృషికి బిరుదు ఇచ్చింది.

మందు తీసుకెళ్లిన వినికిడి

ఆ కొండల్లో మలేరియా ఉండేది. ఆయన వెళ్లి రావడం మొదలుపెట్టిన రోజుల్లో ఆ జ్వరం దోమ వల్ల వస్తుందన్న సంగతే ప్రపంచానికి తెలియదు. అది తేలింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్‌ రాస్‌ అనే సైనిక వైద్యుడు దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. అప్పటిదాకా చెడు గాలి వల్లనో, నీళ్ల వల్లనో వస్తుందని జనం అనుకునేవాళ్లు. మందు మాత్రం ఒకటి ఉండేది, సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్‌.

రామమూర్తి పంతులుకు మలేరియా పట్టుకుంది. ఒకసారి వచ్చి పోయే జ్వరం కాదది. చాలాకాలం బాధపెట్టింది. చలి, వణుకు, ఒళ్లు కాలిపోయే వేడి, చెమట, నీరసం. తగ్గిందనుకుంటే మళ్లీ తిరగబెడుతుంది. దానికి క్వినైన్‌ వాడారు. క్వినైన్‌ ప్రాణం నిలబెడుతుంది, కానీ చెవి మీద దెబ్బ కొట్టగలదు. చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం దాని దుష్ప్రభావాలని ఫార్మసీ చదివేవాళ్లకు తెలుసు. మందు ఆపితే చాలామందిలో సర్దుకుంటుంది. కొందరిలో సర్దుకోదు. పంతులు గారి విషయంలో సర్దుకోలేదు. శాశ్వతమైన చెవుడు మిగిలింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఈ మనిషి పనిముట్టు చెవి. క్లాసులో పిల్లవాడి సందేహం వినాలి. కొండ మీద సవర ముసలమ్మ మాట వినాలి. గొంతులో ఆగిన చిన్న ధ్వనిని పట్టుకోవాలి. ఆ పని చేయడానికి వెళ్తేనే జ్వరం వచ్చింది. ఆ జ్వరానికి మందు తింటేనే చెవి పోయింది. పని ఇచ్చిన జబ్బు ఆ పనికి కావాల్సిన అవయవాన్నే తీసుకెళ్లింది. ఇంతకన్నా పెద్ద అన్యాయం ఏముంటుంది?

ఆయనకు ఎంత బాధ కలిగిందో మనం కొలవలేం. కాకపోతే ఆ తర్వాత ఏం చేశారో తేదీలతో సహా తెలుసు. మనకు పనికొచ్చేది అదే.

చెవి నుంచి కాగితానికి

1911లో, ముప్ఫై ఏళ్ల సర్వీసు తర్వాత ఆయన టీచర్‌ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. నిజానికి ఆయన జీవితంలోని పెద్ద పని అప్పుడే వేగం అందుకుంటోంది.

1907లో జె.ఎ.యేట్స్‌ అనే ఇంగ్లిష్‌ అధికారి ఉత్తరాంధ్ర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకీ, పుస్తకాల్లో ఉండే తెలుగుకీ ఇంత దూరం ఎందుకని అతనికి అనుమానం వచ్చింది. ఆ ప్రశ్న చుట్టూ గురజాడ, పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌, రామమూర్తి పంతులు కలిశారు. బడిలో పిల్లలు రాసే తెలుగు వాళ్లు నోటితో పలికే తెలుగుకు దగ్గరగా ఉండాలని వాళ్ల వాదన. స్కూల్‌ ఫైనల్‌ పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో కూడా రాయొచ్చని ప్రభుత్వం ఒక దశలో అనుమతి ఇచ్చింది. పండితులు గట్టిగా వ్యతిరేకించడంతో కొద్దికాలానికే వెనక్కి తీసుకుంది. 1915లో గురజాడ కన్నుమూశారు. చిన్ననాటి స్నేహితుడు పోయాక పోరాటం బరువంతా చాలావరకు గిడుగు మీదే పడింది.

అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆయన ఎంచుకున్న పద్ధతి చూడండి. ప్రత్యర్థుల పుస్తకాలే తెప్పించుకుని పేజీ పేజీ చదివారు. వ్యాకరణం తప్పకూడదని వాదించే పండితులు తమ రాతల్లోనే ఎక్కడెక్కడ తప్పారో ఉదాహరణలు ఏరారు. పాత కావ్యాల్లో వాడుక మాటలు ఎక్కడున్నాయో వెతికి తీశారు. ఇదంతా కంటితో, కాగితంతో, కలంతో అయ్యే పని. దీనికి శాసనాలు చదవడంలో వచ్చిన ఓపిక అక్కరకొచ్చింది. నేను ముందు చెప్పిన పక్క నైపుణ్యం ఇదే. ఒక తలుపు మూసుకుపోయేటప్పటికి ఇంకోటి తెరిచే ఉంది.

1919లో ఆయన తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. ఏడాదే నడిచింది. ఏడాదికే ఆగిపోయిన స్టార్టప్‌ అన్నమాట. ఆగిపోయిందని వాదన ఆపలేదు, పుస్తకాలు రాశారు. వాటిలో ఒకదాని పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. భాషకు జబ్బు చేసిందని మందు వేస్తున్న పండిత వైద్యుల మీద విసురు. మందు వల్ల చెవి పోగొట్టుకున్న మనిషి పుస్తకానికి ఈ పేరు పెట్టారంటే నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా అనిపిస్తుంది.

వినపడదు కాబట్టి సభలకు వెళ్లనని కూర్చోలేదు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగింది. ఆయన్ని గట్టిగా వ్యతిరేకించేవాళ్లు ఉన్న చోటు. అరవై దాటిన పంతులు అక్కడ నాలుగు గంటలు మాట్లాడారు. పుస్తకాల్లోంచి ప్రయోగాలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించారు. అంత సిద్ధపడి వెళ్లినవాడి మాటకు అడ్డుచెప్పడం ఎవరికైనా కష్టమే.

మరి సవర భాష ఏమైంది? చెవులతో మొదలైన ఆ పనిని వదిలేశారా? లేదు. దశాబ్దాల పాటు విని రాసుకున్నదంతా కాగితం మీద ఉంది కదా. దాన్నే పదేపదే సరిచూసి, క్రమంలో పెట్టి, 1931లో ఇంగ్లిష్‌లో సవర భాషా వ్యాకరణం ప్రచురించారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. అదే దశాబ్దంలో సవర నిఘంటువు పని కూడా పూర్తిచేశారు. ముండా భాషల మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకాలు తీస్తారు. 1934లో ప్రభుత్వం కైజర్‌ ఇ హింద్‌ పతకం ఇచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊరిని అలా కలపొద్దని ఆయన పోరాడారు. ఫలించలేదు. కొత్త రాష్ట్రం ప్రారంభమయ్యే రోజు పొద్దున్నే రైలెక్కి రాజమండ్రి వచ్చేశారు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని 72 ఏళ్ల వయసులో వదిలి, మళ్లీ కొత్తచోట మొదలుపెట్టారు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకుల ముందు వాడుక భాష కోసం చివరిసారి విన్నవించారు. వారం తర్వాత, జనవరి 22న కన్నుమూశారు.

ఒక్కడే చేయలేదు

ఇలాంటి జీవితం చదివాక మనకు ఒక ప్రమాదం ఉంది. ఆయన చేశాడు, నువ్వెందుకు చేయలేవు అని ఎవరో ఒకరు అంటారు. జబ్బుతో మంచం దిగలేని రోజున ఆ మాట గుచ్చుకుంటుంది. అందుకే మిగతా సగం కూడా చెప్పాలి.

రామమూర్తి పంతులుకు ముప్ఫై ఏళ్లు నెల నెలా జీతం వచ్చిన ఉద్యోగం ఉంది. ఇంట్లో ఉండి సవర నేర్పిన మనిషి ఉన్నారు. మాట చెప్పిన సవర ఊళ్ల జనం ఉన్నారు. కొడుకు గిడుగు వెంకట సీతాపతి తండ్రితో పాటు సవర భాష మీద పనిచేసి, ఆ కృషిని తర్వాత కూడా కొనసాగించారు. వాడుక భాష ఉద్యమంలో తోడు నడిచిన స్నేహితులు ఉన్నారు. చెవి పోయాక ఆయన నిలబడింది సంకల్పం ఒక్కదాని మీదే కాదు, ఇంతమంది భుజాల మీద కూడా.

కాబట్టి ఆయన నుంచి నేర్చుకోవాల్సింది బాధను దిగమింగడం కాదు. పూర్తిగా బాగయ్యాకే పని మొదలుపెడదామని ఆయన కూర్చోలేదు. పని చేసే తీరు మార్చుకున్నారు. సాయం చేసేవాళ్లను పక్కన పెట్టుకున్నారు. ఈ రెండూ మీరూ చేయొచ్చు. పైగా ఆయనకు లేనిది మీకు ఒకటి ఉంది.

మీ వెనక చట్టం ఉంది

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్‌ నుంచి అమల్లో ఉంది. దాంట్లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. చూపు, వినికిడి, కాళ్లూ చేతులకే అది పరిమితం అనుకోకండి. సికిల్‌ సెల్‌, తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి. మల్టిపుల్‌ స్క్లీరోసిస్‌ ఉంది. మానసిక అనారోగ్యం ఉంది. మీ జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. మధుమేహం, ఆస్తమా, మూర్ఛ లాంటివి అందులో లేవు.

వైద్యబోర్డు 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉందని ధ్రువీకరిస్తే, ప్రభుత్వ ఉద్యోగాల్లో చట్టం చెప్పిన 4 శాతం రిజర్వేషన్‌కు మీరు అర్హులు. అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవాళ్లకే. నోటిఫికేషన్‌ వచ్చాక సర్టిఫికెట్‌ కోసం పరిగెడితే గడువు దాటిపోతుంది. యూడీఐడీ కార్డు పని ఇప్పుడే, ఖాళీగా ఉన్న నెలలోనే పూర్తి చేసుకోండి.

పరీక్ష రాయడానికి సహాయకుడు అవసరమైతే అడగొచ్చు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. 40 శాతం లేనంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న ఒక సివిల్స్‌ అభ్యర్థి కేసులో, 40 శాతం లేదని సహాయకుణ్ని నిరాకరించడం తప్పని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో సంగతి ఉద్యోగంలో ఉన్నవాళ్లూ, మీ ఇంట్లో పెద్దవాళ్లూ తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదు, హోదా తగ్గించడానికీ వీల్లేదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో చేయగల పనికి మార్చాలి. అదే చట్టంలోని 20వ సెక్షన్‌ ఇది. ఉద్యోగం చేస్తూ చెవులు పోగొట్టుకున్న పంతులు గారి కోసమే రాసినట్టు లేదూ!

ప్రైవేటు కంపెనీల విషయానికి వస్తే, ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలని చట్టం అంటుంది. ఇంటర్వ్యూకు ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో దాని కోసం వెతకండి. ఉంటే అందులో ఎవరికి రాయాలో కూడా దొరుకుతుంది.

చెప్పడం ఎలా?

నా అనుభవంతో ఒక మాట. జబ్బు చరిత్ర మొత్తం చెప్పక్కర్లేదు, మీకు ఏం కావాలో చెప్పండి. నేను ఇప్పుడు ఇంటర్వ్యూకు ముందే మెయిల్‌ పెడతా. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, వీడియో కాల్‌లో క్యాప్షన్లు పెట్టుకుంటాను, మాట తెగితే మళ్లీ అడుగుతాను అని మూడు వాక్యాలు. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. మీటింగ్‌ యాప్‌లలో క్యాప్షన్లు ఉన్నాయి. ఫోన్‌లో లైవ్‌ ట్రాన్స్‌క్రైబ్‌ తెలుగు మాటల్ని కూడా అక్షరాలుగా చూపిస్తుంది. చూపు సమస్య ఉన్నవాళ్లకు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం, ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో టాక్‌బ్యాక్‌ ముందే ఉంటుంది. వీటిని ఇంటర్వ్యూ రోజున కాదు, నెల ముందే అలవాటు చేసుకోండి.

అలసట, నొప్పి, తరచూ ఆస్పత్రి ఉన్నవాళ్లు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం పక్కనే ఇంకో మూడు రాసుకోండి. ప్రయాణం ఎంత, షిఫ్టు ఏది, సెలవులు ఎన్ని. వనపర్తి నుంచి హైదరాబాద్‌ వెళ్లి రాత్రి షిఫ్టు చేసే ఉద్యోగం కన్నా, కాస్త తక్కువ జీతమైనా ఒళ్లు తట్టుకునే ఉద్యోగమే రెండేళ్ల తర్వాత కూడా మీ చేతిలో ఉంటుంది. ఏదైనా మందు మొదలుపెట్టాక చెవిలో హోరు వచ్చినా, చూపు మసకబారినా డాక్టర్‌కు వెంటనే చెప్పండి. సొంతంగా మాత్రం మందు ఆపేయొద్దు.

ఇక ఆ దరఖాస్తులోని గడి సంగతి. ప్రభుత్వ ఉద్యోగానికైతే దాచకండి. దాచితే రిజర్వేషన్‌ పోతుంది, తర్వాత వైద్యపరీక్షలో బయటపడితే ఉద్యోగమే చిక్కులో పడుతుంది. సర్టిఫికెట్‌ ఉంటే ధైర్యంగా అవును నొక్కండి. సర్టిఫికెట్‌ రాని జబ్బయితే, మీకు కావాల్సిన ఏర్పాటు ఏమిటో ఒక కాగితం మీద రాసుకుని సమయం వచ్చినప్పుడు అడగండి.

చివరగా ఒకటి. మీరు ఇప్పటిదాకా చదివిన ఈ వ్యాసం మీరు ఇంట్లో, హాస్టల్లో మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా ఉంది. వందేళ్ల కిందట పత్రికల్లో, పరీక్ష పేపర్లో ఇలా రాస్తే తప్పన్నారు. చెవికి వినపడే తెలుగునే రాయండని పట్టుబట్టి ఆ దారి వేసినవాళ్లలో ముందున్న మనిషికి చెవులు వినపడవు. రేపు ఫారం నింపేటప్పుడు మీ వేలు ఆ గడి దగ్గర ఆగితే, పర్లాకిమిడి పంతులును ఒకసారి తలచుకోండి. తలచుకుని, ఫారం పూర్తి చేయండి.